గ్రీస్‌కు మొదటిసారి వెళ్లేవాళ్లకు: దీవులు ముందు, ఏథెన్స్ చివర

మీరు అడిగింది ఇది: హైదరాబాద్ నుంచి జులై రెండో వారంలో మీ దంపతులు, పదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు గ్రీస్ వెళ్తున్నారు. యూరప్‌కు ఇదే మొదటిసారి. చేతిలో తొమ్మిది రాత్రులున్నాయి. ఏథెన్స్, డెల్ఫీ, మెటియోరా, మైకొనోస్, శాంటోరిని, క్రీట్ అన్నీ చూడాలని ఉంది. అమ్మగారు గుడ్డు కూడా తినరు. ఎలా ప్లాన్ చేసుకోవాలి, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఓడల కంపెనీ ఉద్యోగం వల్ల ఏథెన్స్‌ను ఆనుకునున్న పిరేయస్ రేవు పక్కనే చాలా ఏళ్లు ఉన్నాను. విశాఖ నుంచి మా అమ్మానాన్నలు, చుట్టాలు వచ్చినప్పుడల్లా తిప్పింది నేనే. అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నాను, ఈ జాబితా తొమ్మిది రాత్రుల్లో పట్టదు. పట్టించాలని చూస్తే సగం సెలవు రేవుల్లో, ఎయిర్‌పోర్టుల్లో సామాను కాపలాకే పోతుంది. క్రీట్ ఒక్కటే తూర్పు నుంచి పడమరకు దాదాపు 260 కిలోమీటర్లు, దానికి విడిగా ఓ వారం కావాలి. రాతి శిఖరాల మీద మఠాలున్న మెటియోరా ఏథెన్స్ నుంచి సుమారు 350 కిలోమీటర్లు. మైకొనోస్ రాత్రి పార్టీలకు, ఖరీదైన బీచ్ క్లబ్బులకు పేరు పొందిన దీవి. పక్కనే ఉన్న డెలోస్ దీవిలో ప్రాచీన శిథిలాలు చూడాలన్న కోరిక గట్టిగా ఉంటే తప్ప, పెద్దవాళ్లతో, పిల్లలతో అక్కడికి వెళ్లి అంత ఖర్చు పెట్టడం దండగని నా అభిప్రాయం.

నేనైతే మీ తొమ్మిది రాత్రులను ఇలా పంచుతాను. దిగిన రోజు ఏథెన్స్‌లోగానీ పిరేయస్‌లోగానీ ఒక రాత్రి విశ్రాంతి. మర్నాడు ఓడెక్కి నాక్సోస్ దీవికి, అక్కడ మూడు రాత్రులు. తర్వాత శాంటోరినిలో రెండు. అక్కడి నుంచి విమానంలో ఏథెన్స్ వచ్చి చివరి మూడు రాత్రులు అక్కడే. చాలామంది ఏథెన్స్ ముందు చూసేసి, దీవుల నుంచి నేరుగా వచ్చి ఇంటికి ఫ్లైట్ ఎక్కేలా టికెట్లు కొంటారు. వేసవిలో ఆ వరుస ప్రమాదం. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

జులై, ఆగస్టు నెలల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది. ఒక్కోసారి రోజుల తరబడి ఆగదు. మన తూర్పు తీరంలో తుపాను వచ్చే ముందు ఆకాశం చూస్తేనే తెలిసిపోతుంది. ఇక్కడ అలా కాదు. ఎండ కాస్తూనే ఉంటుంది, ఆకాశం నీలంగా మెరుస్తూనే ఉంటుంది, సముద్రం మాత్రం లేచిపోతుంది. గాలి హద్దు దాటితే రేవు అధికారులు ఓడలు కదలకుండా నిషేధం పెడతారు. ముందు ఆగేవి కాటమరాన్లనే స్పీడు పడవలు, బాగా ముదిరితే పెద్ద ఓడలు కూడా. ఓడ రద్దయితే టికెట్ డబ్బు వెనక్కి వస్తుంది, లేదా మరో ఓడలో చోటిస్తారు. కానీ మీ హైదరాబాద్ ఫ్లైట్ మీ కోసం ఆగదు. అందుకే దీవులు ముందు పెట్టుకోండి. గాలి వల్ల ఒక రోజు పోయినా ఏథెన్స్‌లో ఒక రోజు తగ్గుతుందే తప్ప తిరుగు ప్రయాణం చెడదు.

ఓడ ఎంచుకునేటప్పుడు వేగం చూడకండి. పిరేయస్ నుంచి నాక్సోస్‌కు పెద్ద ఓడ అయిదు గంటలు, కాస్త ఎక్కువ తీసుకుంటుంది. స్పీడు పడవ త్వరగా చేరుస్తుంది, టికెట్ ఖరీదెక్కువ, చాలావాటిలో బయట తిరగడానికి డెక్ ఉండదు, అలలకు బాగా ఊగుతుంది. పెద్ద ఓడలో నడవడానికి చోటు, కాంటీన్, టాయిలెట్లు, డెక్ మీద గాలి అన్నీ ఉంటాయి. పాపకు అదే ఓ వినోదం. అన్నిటికంటే చవకైన డెక్ టికెట్‌కు సీటు నంబరు ఉండదు, ముందు వెళ్లినవాళ్లు కూర్చుంటారు. అమ్మగారి కోసం కొంచెం ఎక్కువ పెట్టి నంబరున్న సీట్లు తీసుకోండి. కడుపులో తిప్పే గుణం ఉంటే ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో కూర్చోవాలి, మాత్ర బయల్దేరక ముందే వేసుకోవాలి.

పిరేయస్ చాలా పెద్ద రేవు. గేట్లకు ఇ1, ఇ2 అంటూ నంబర్లుంటాయి, ఒక చివర నుంచి మరో చివరకు సామానుతో నడవడం అయ్యే పని కాదు. గేటు నంబరు ముందురోజే చూసుకుని, టాక్సీ అయితే నేరుగా ఆ గేటు పేరే చెప్పండి. ఓడ బయల్దేరడానికి ముప్పావు గంట ముందు చేరితే టెన్షన్ ఉండదు. కార్లు, లారీలు ఎక్కే వెనక ర్యాంపు మీదుగానే మనుషులూ ఎక్కుతారు. పాప చెయ్యి వదలకండి. పెద్ద సూట్‌కేసులు కింద గ్యారేజీలో, దీవుల పేర్లు రాసిన అరల్లో పెట్టాలి. మీ దీవి పేరున్న అరలోనే పెట్టండి. పాస్‌పోర్టులు, డబ్బు, మందులు మాత్రం మీ వెంటే ఉండాలి. దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. మధ్య దీవుల్లో ఓడ కొద్ది నిమిషాలే ఆగుతుంది. మైకులో మీ దీవి పేరు వినగానే కిందికి వెళ్లి తలుపు దగ్గర సిద్ధంగా ఉండాలి. పెద్ద ఓడల్లో లిఫ్టులుంటాయి, ఎక్కగానే సిబ్బందిని అడిగితే అమ్మగారికి దారి చూపిస్తారు.

నాక్సోస్ ఎందుకంటున్నానో చెప్తాను. బల్లపరుపు ఇసుక బీచ్‌లు, లోతు తక్కువ నీళ్లు, రేవు పక్కనే కొండదిబ్బ మీద అపోలో గుడి తాలూకు రాతి ద్వారం, లోపల పచ్చని పల్లెలు. దీవిలోనే బంగాళదుంపలు, కూరగాయలు పండుతాయి, చీజ్ తయారవుతుంది, కాబట్టి తిండి బాగుంటుంది, ధరలు కూడా శాంటోరిని కంటే నయం. శాంటోరిని అందం నిజమే, అగ్నిపర్వతం పేలి కుంగిన గోడ అంచున కట్టిన ఊళ్లు మరెక్కడా అలా కనిపించవు. అయితే ఆ అంచు మీది హోటళ్లన్నీ మెట్లే. ఫొటోల్లో చూసి ఇయా ఊళ్లో గుహ గది బుక్ చేస్తే అమ్మగారు గదిలోనే ఉండిపోవాల్సి వస్తుంది. బుక్ చేసే ముందు హోటల్‌కు రాసి, రోడ్డు నుంచి గది దాకా ఎన్ని మెట్లో అడగండి. ఇయాలో సూర్యాస్తమయానికి జనం సందుల్లో ఇరుక్కుపోతారు. అదే సూర్యుడు అదే అంచు మీదున్న ఫిరా, ఇమెరోవిగ్లి ఊళ్ల నుంచి కూడా అంతే అందంగా కనిపిస్తాడు. పాత రేవు నుంచి ఫిరాకు గాడిదల మీద ఎక్కించే పద్ధతి ఉంది, ఆ ఎండలో వాటి అవస్థ చూడలేం. పక్కనే కేబుల్ కారు ఉంది, అందులో వెళ్లండి. మామూలు ఓడలు దిగేది వేరే రేవులో, అథినియోస్‌లో. అక్కడ బస్సులూ టాక్సీలూ ఒకేసారి నిండిపోతాయి, కాబట్టి హోటల్ వాళ్లతో కారు ముందే మాట్లాడుకోండి.

ఇక ఏథెన్స్. జులైలో ఎండ 38, 40 డిగ్రీల దాకా వెళ్లే రోజులుంటాయి. మనకు ఎండ కొత్త కాదని తేలిగ్గా తీసుకోవద్దు. ప్రాచీన గుళ్లున్న అక్రోపోలిస్ కొండ మీద నీడ దాదాపు లేదు, పైగా తెల్లరాయి మీద పడ్డ ఎండ తిరిగి మొహాన కొడుతుంది. వడగాడ్పుల రోజుల్లో ప్రభుత్వం మధ్యాహ్నం పూట కొండను మూసేస్తుంది, 2023 జులైలోనూ 2024 జూన్‌లోనూ అలాగే మూశారు. టికెట్ ఇప్పుడు గంటల ప్రకారం ఇస్తారు, 2025 ఏప్రిల్ నుంచి ధర 30 యూరోలు. అధికారిక సైట్‌లో ఉదయం ఎనిమిది గంటల స్లాట్ ముందే కొనేయండి. దక్షిణం వైపు, డయోనిసస్ రంగస్థలం దగ్గర ఇంకో ద్వారం ఉంది, అక్కడ రద్దీ కాస్త తక్కువ. వేల ఏళ్లుగా మనుషులు నడిచి నడిచి ఆ చలువరాయి అద్దంలా నునుపెక్కింది. చెప్పులు, మడమల బూట్లు వద్దు, రబ్బరు అడుగున్న షూ కావాలి. నడవలేనివాళ్ల కోసం కొండకు ఉత్తరం వైపు లిఫ్ట్ ఉంది. అది అందరికీ కాదు, గాలి ఎక్కువున్నప్పుడు నడవదు. అమ్మగారి పరిస్థితి చెప్పి ముందే కనుక్కోండి.

కొండ దిగాక మధ్యాహ్నం అక్రోపోలిస్ మ్యూజియంకు వెళ్లండి, దానికి టికెట్ వేరు. చల్లగా ఉంటుంది, లిఫ్టులున్నాయి, అద్దపు నేల కింద తవ్వకాల్లో బయటపడ్డ పాత వీధులు కనిపిస్తాయి. పై అంతస్తులో, కొండ మీది పార్థెనాన్ గుడి శిల్పాలు కొండను చూస్తూనే చూడొచ్చు. ఆ శిల్పాల్లో కొన్ని లండన్‌లో ఉన్నాయి, వాటి స్థానంలో ఇక్కడ ప్లాస్టర్ నకళ్లు పెట్టారు, ఆ తేడా పాపకు చూపించండి. మా వాళ్లందరికీ కొండ కన్నా ఈ మ్యూజియమే ఎక్కువ నచ్చింది. భోజనం చేసి నిద్రపోయి, సాయంత్రం ఆరు తర్వాత ప్లాకా అనే పాత పేట సందుల్లో తిరగండి. ఊరంతా అలాగే నడుస్తుంది. వేసవిలో మధ్యాహ్నం మూడు నుంచి అయిదున్నర దాకా, రాత్రి పదకొండు తర్వాత చప్పుడు చేయకూడదని నియమం కూడా ఉంది. అద్దె ఫ్లాట్‌లో దిగితే ఆ సమయాల్లో పాప గెంతకుండా చూడండి, పొరుగువాళ్లు నిజంగానే ఫిర్యాదు చేస్తారు. రాత్రి భోజనం వాళ్లు తొమ్మిది, పది గంటలకు మొదలుపెడతారు. ఏడింటికే వెళ్తే హోటళ్లు ఖాళీగా ఉంటాయి, అది మీకే మంచిది.

ప్రాచీన ఆలయ శిథిలాలున్న డెల్ఫీ మీకు అంత ముఖ్యమైతే ఏథెన్స్ నుంచి ఒక రోజు బస్సులో వెళ్లి రావచ్చు, ఒకవైపు రెండున్నర, మూడు గంటలు. కానీ అదంతా కొండవాలు. అమ్మగారిని దృష్టిలో పెట్టుకుంటే కేప్ సునియోన్ నయం. సుమారు 70 కిలోమీటర్ల సముద్రపుటొడ్డు రోడ్డు, చివర కొండకొమ్ము మీద పొసైడన్ గుడి, నడక తక్కువ. మెటియోరా మరోసారి పెట్టుకోండి. అప్పుడు అమ్మగారిని సెయింట్ స్టీఫెన్ మఠానికి తీసుకెళ్లవచ్చు, అక్కడికి చిన్న వంతెన దాటి వెళ్లడమే, మిగతావాటిలా మెట్లెక్కే పని లేదు. మఠాల్లోకి మగవాళ్లు పొడవు ప్యాంటుతో, ఆడవాళ్లు మోకాళ్లు కప్పే లంగాతో వెళ్లాలి. చీర భేషుగ్గా సరిపోతుంది.

అమ్మగారి భోజనం గురించి మీరు ఎక్కువ దిగులుపడుతున్నట్టున్నారు. గ్రీస్‌లో ఆ దిగులు అంతగా అక్కర్లేదు. ఆర్థడాక్స్ క్రైస్తవులు ఏడాదిలో చాలా రోజులు ఉపవాసం చేస్తారు, ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. అందువల్ల శాకాహార వంట ఆ దేశంలో పాతకాలం నుంచీ ఉంది. హోటల్లో 'నిస్తీసిమో' అంటే ఉపవాస వంటకం అని వెంటనే అర్థమవుతుంది. ఒక్క జాగ్రత్త తీసుకోండి, వాళ్ల ఉపవాసంలో రొయ్యలు, ఆక్టోపస్, గవ్వచేపలు తినొచ్చు. కాబట్టి నిస్తీసిమో అని ఊరుకోకుండా 'హోరిస్ క్రేయాస్, హోరిస్ ప్సారి, హోరిస్ థలసినా, హోరిస్ అవ్గో' అని చెప్పండి. మాంసం, చేప, సముద్రపు జీవులు, గుడ్డు వద్దని అర్థం. ఇది గ్రీకు లిపిలో ఫోన్‌లో టైపు చేయించుకుని చూపించడం ఇంకా మేలు.

మెనూలో 'లదెరా' అనే భాగం వెతకండి. ఆలివ్ నూనెలో మెల్లగా ఉడికించిన కూరగాయలవి. ఫసొలాకియా అంటే టమాటాలో ఉడికిన బీన్స్, బ్రియామ్ అంటే వంకాయ, దుంపలు, గుమ్మడి జాతి కాయలు కలిపి ఓవెన్‌లో పెట్టింది. యిగాండెస్ అనే పెద్ద తెల్ల చిక్కుడు గింజలు, ఫావా అనే పసుపురంగు పప్పు ముద్ద అమ్మగారికి తప్పక నచ్చుతాయి. ఫావా మీద పచ్చి ఉల్లిపాయ, నూనె వేసి ఇస్తారు, నిమ్మకాయ పిండుకుని తింటే మన ముద్దపప్పుకు దగ్గరగా ఉంటుంది. యెమిస్తా అంటే అన్నం కూరిన టమాటాలు, క్యాప్సికమ్‌లు, ద్రాక్షాకు చుట్టలను దోల్మాదాకియా అంటారు. ఈ రెండింట్లోనూ కొన్నిచోట్ల ఖీమా కలుపుతారు, అడిగి తీరాలి. బేకరీల్లో దొరికే పాలకూర పై, చీజ్ పైలలో తరచుగా గుడ్డు ఉంటుంది. రోడ్డు పక్క అమ్మే నువ్వుల కులూరి రొట్టె నిశ్చింతగా తినొచ్చు. అమ్మగారు మరీ నిష్ఠగా ఉండేవారైతే చీజ్ గురించి కూడా చెప్పాలి. ఫెటా వంటి సంప్రదాయ చీజ్‌లను దూడ, మేకపిల్లల పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారు. పెరుగుకు ఆ సమస్య లేదు, చిక్కగా గడ్డలా ఉంటుంది. నాక్సోస్‌లోనూ ఏథెన్స్‌లోనూ చిన్న వంటగది ఉన్న గది తీసుకోండి. సూపర్ మార్కెట్లో బాస్మతి బియ్యం, పెరుగు కొంటే పెరుగన్నం సిద్ధం.

ఇంటి నుంచి కారప్పొడి, కందిపొడి తప్పకుండా పట్టుకెళ్లండి, అక్కడి వంటలో కారం ఉండదు. కానీ నెయ్యి, పాలకోవా, పాలతో చేసిన స్వీట్లు పెట్టుకోకండి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తీసుకురాకూడదు. పచ్చి కరివేపాకు కూడా వద్దు.

డబ్బు సంగతి. కార్డు దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది, పల్లె బస్సులకు, చిన్న కొట్లకు కొన్ని నోట్లు ఉంచుకోండి. ఏటీఎం 'రూపాయల్లో తీయనా' అని అడిగితే వద్దని యూరోలనే ఎంచుకోవాలి, లేకపోతే మారకం రేటులో బాగా నష్టపోతారు. వీధి మూలల్లో కనిపించే ప్రైవేటు ఏటీఎంల కన్నా బ్యాంకు గోడకున్నది మేలు. హోటల్లో అడక్కుండానే రొట్టె తెచ్చి పెడతారు, మనిషికి ఇంతని బిల్లులో పడుతుంది. వద్దనుకుంటే ముందే చెప్పొచ్చు. టిప్ తప్పనిసరి కాదు, బాగుంటే కొంచెం వదిలితే చాలు. గది అద్దె ముందే కట్టినా హోటల్లో ఇంకో పన్ను వసూలు చేస్తారు. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు, హోటల్ స్టార్లను బట్టి గదికి రాత్రికి 2 నుంచి 15 యూరోలు. అది మోసం కాదు, చట్టప్రకారం కట్టాల్సిందే.

ఎయిర్‌పోర్టు నుంచి మెట్రో మూడో లైను ఊరి మధ్యనున్న సింటగ్మా, మొనస్తిరాకి స్టేషన్ల మీదుగా పిరేయస్ దాకా వెళ్తుంది. నగరంలో నడిచే మామూలు టికెట్ ఎయిర్‌పోర్టు ప్రయాణానికి చెల్లదు, పట్టుబడితే భారీ జరిమానా. సామానుతో, అమ్మగారితో నలుగురు కాబట్టి మీకు టాక్సీయే మేలు. ఊరి మధ్యకు నిర్ణీత ధర ఉంది, పగలు సుమారు 40 యూరోలు, అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున అయిదు దాకా సుమారు 55. ఎక్కే ముందే ధర ఖాయం చేసుకోండి. మెట్రోలో జేబుదొంగలు నిజంగా ఉన్నారు. ముఖ్యంగా ఎయిర్‌పోర్టు లైనులో, మొనస్తిరాకి, ఒమోనియా స్టేషన్లలో, తలుపులు మూసుకునే క్షణంలో గుంపుగా నెడతారు. పాస్‌పోర్టులు బట్టల లోపల సంచిలో ఉండాలి, బ్యాగు ముందుకు వేసుకోవాలి. పగలైతే ఒమోనియా పక్క వీధుల్లో మన ఉపఖండం వాళ్ల కిరాణా కొట్లు దొరుకుతాయి, రాత్రిపూట అటు వెళ్లక్కర్లేదు.

టాయిలెట్ విషయం సిగ్గుపడకుండా చెప్పుకోవాలి. అక్కడి పైపులు సన్నం. కాగితం కమోడ్‌లో వేయకూడదు, పక్కనున్న మూత డబ్బాలో వేయాలి. నీళ్ల పైపు చాలాచోట్ల ఉండదు, చిన్న ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో పెట్టుకోండి. ఏథెన్స్‌లో కుళాయి నీళ్లు తాగొచ్చు, శాంటోరిని వంటి దీవుల్లో సీసా నీళ్లే తాగాలి.

చేతి సైగల్లో ఒకటి గుర్తుంచుకోండి. అయిదు వేళ్లూ చాపి అరచేయి ఎదుటివారి మొహం వైపు చూపడం అక్కడ పెద్ద తిట్టు. 'అయిదు టికెట్లు' అని చెప్పాలన్నా, 'ఆగండి' అనాలన్నా మనకు అలవాటుగా చెయ్యి అలాగే లేస్తుంది. పాపకు కూడా చెప్పి పెట్టండి. 'నే' అంటే అవును, 'ఓహి' అంటే కాదు. తల పైకెత్తి నాలుకతో చప్పుడు చేస్తే కూడా కాదనే. కొట్లోకి అడుగుపెట్టగానే 'కలిమేరా', సాయంత్రమైతే 'కలిస్పేరా' అని పలకరించండి, వాళ్లు ఎంత ఆప్యాయంగా మారిపోతారో మీరే చూస్తారు.

వీసా షెంగెన్‌ది, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. జులై రద్దీ కాబట్టి మార్చిలోనే అపాయింట్‌మెంట్ చూడండి. ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, పాపకు 45, వీసా కేంద్రం చార్జీ వేరు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు బీమా ఉండాలి. అమ్మగారికి పాత జబ్బులుంటే అవి కూడా కవరయ్యే పాలసీ తీసుకోండి. సరిహద్దులో ఇప్పుడు వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి వచ్చింది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఫొటో మాత్రమే. మధ్యలో విమానం మారేది షెంగెన్ దేశంలో అయితే ఆ క్యూ అక్కడే ఉంటుంది, కనెక్షన్‌కు సమయం ఎక్కువ పెట్టుకోండి.

దీవిలో కారు తీసుకోవాలంటే మన ఊళ్లో ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. డ్రైవింగ్ కుడివైపు, చాలా కార్లు మాన్యువల్ గేర్‌వి, ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పాలి. నాక్సోస్‌లో ఒక్కరోజు కారు తీసుకుంటే పల్లెలన్నీ హాయిగా తిరగొచ్చు. బైకులా ఎక్కి కూర్చునే నాలుగు చక్రాల క్వాడ్ బండ్లు కూడా అద్దెకిస్తారు, పాపను వాటి మీద ఎక్కించకండి. ఆ మలుపుల్లో ప్రమాదాలు ఎక్కువ.

అమ్మగారి మందులు మొత్తం రోజులకు సరిపడా, పైన మూడు రోజులకు, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోండి. మందుల షాపుకు ఆకుపచ్చ ప్లస్ గుర్తు ఉంటుంది. ఆదివారాల్లో వంతులవారీగా కొన్నే తెరుస్తారు, ఏది తెరిచిందో మిగతా షాపుల తలుపు మీద కాగితం అంటిస్తారు. అత్యవసరమైతే 112కు, పర్యాటకుల పోలీసులకు 1571కు ఫోన్ చేయాలి. ముందు ఫ్లైటు, వీసా అపాయింట్‌మెంట్, ఆ తర్వాత శాంటోరిని గది చూసుకోండి. మెట్లు లేని గదులు అక్కడ చాలా తక్కువ, జులైకి తొందరగా అయిపోతాయి.